ట్రాన్స్‌మిటర్ పవర్ డైరీ: సెల్లో ఉన్న వోల్టు బోర్డు దాకా ఎందుకు రావట్లేదు

వరంగల్, హన్మకొండ చుట్టుపక్కల మోడల్ విమానాలు ఎగరేసేవాళ్ల నుంచి బెంచ్ మీదికి వచ్చిన నాలుగు ట్రాన్స్‌మిటర్ల (చేతిలో పట్టుకునే రేడియో రిమోట్ల) పవర్ సమస్యల డైరీ ఇది. అలాంటి సెట్టే మీ దగ్గర మొరాయిస్తుంటే ఇవే కొలతలు తీసుకుని పోల్చుకోవచ్చు. ఏ మరమ్మతు నిలబడలేదో కూడా రాసి ఉంది, అక్కడ డబ్బు పెట్టకండి.

బెంచ్ మీద ఉన్నవి:

ఎ సెట్: ఆరు చానళ్ల 2.4 గిగాహెర్ట్జ్, నాలుగు ఏఏ సెల్లు. నిండా ఛార్జ్ చేసి పెట్టినా కొద్ది గంటలకే అలారం.
బి సెట్: పాత ఎఫ్‌ఎం సెట్, లోపల 9.6 వోల్టుల నికెల్ కాడ్మియం ప్యాక్. రాత్రంతా ఛార్జ్ పెడితే అరగంట కూడా నిలవదు.
సి సెట్: ఎనిమిది ఏఏ సెల్లకు తయారైన 2.4 గిగాహెర్ట్జ్ సెట్. అందులో ఎవరో మూడు సెల్ల లిపో (లిథియం పాలిమర్) ప్యాక్ కూర్చారు. ఎండలో తనంతట తానే ఆగిపోయి, నీడకు తెస్తే మళ్లీ లేస్తుంది.
డి సెట్: రెండు 18650 లిథియం సెల్లు, సీ టైప్ ఛార్జింగ్. ఒక కేబుల్‌తో ఛార్జ్ ఎక్కుతుంది, ఇంకోదానితో ఎక్కదు.

"సెల్లు మార్చు అన్నా, అయిపాయె గదా" అనేది ఏ దుకాణంలోనైనా దొరికే మొదటి సలహా. ఈ నాలుగింటిలో సెల్లు మార్చినంత మాత్రాన బాగుపడే సెట్ ఒక్కటీ లేదు. లోడు (కరెంటు లాగే రెసిస్టరు లాంటిది) లేకుండా మీటరు పెట్టి "1.35 ఉంది, సెల్ మంచిదే" అనే మాటను ఈ డైరీలో ఎక్కడా లెక్కలోకి తీసుకోలేదు.

దశ 1: పనిముట్లు, ముందు మీటరునే అనుమానించడం

వాడినవి: 200 మిల్లీవోల్టుల రేంజి ఉన్న మామూలు డిజిటల్ మీటరు, 10 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టరు, 47 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టరు, మొసలి క్లిప్పుల వైర్లు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వెనిగర్, వంట సోడా, పాత టూత్‌బ్రష్, పెన్సిల్ రబ్బరు.

10 ఓమ్‌లు ఎందుకంటే 1.2 వోల్టుల సెల్‌కు అది తగిలిస్తే 120 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. ఎ సెట్ ఆన్‌లో ఉన్నప్పుడు లాగేదీ అంతే. 47 ఓమ్‌లు 9.6 వోల్టుల ప్యాక్ మీద 200 మిల్లీ ఆంపియర్లు లాగి 2 వాట్ల వేడి పుట్టిస్తుంది, చేత్తో పట్టుకోవద్దు.

మీటరు విషయంలో రెండు జాగ్రత్తలు.

1. మీటరులోని 9 వోల్టుల బ్యాటరీ దిగిపోతే చవక మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. చచ్చిన సెల్ బతికున్నట్టు కనబడుతుంది. ముందు కొత్త ఆల్కలైన్ సెల్ మీద పెట్టి చూడండి. 1.5 నుంచి 1.65 మధ్య చూపాలి. 1.8 చూపిస్తే మీటరు బ్యాటరీ మార్చాకే మిగతా పని.

2. సెట్ ఎంత లాగుతుందో చూడడానికి మీటరును 200 మిల్లీ ఆంపియర్ల రేంజిలో పెట్టొద్దు. ఆ రేంజిలో లోపలి షంటు (కరెంటు కొలిచే చిన్న రెసిస్టరు), ఫ్యూజు కలిసి ఒక ఓమ్ పైనే ఉంటాయి. 120 మిల్లీ ఆంపియర్ల దగ్గర అవే 0.15 వోల్టు దాకా తింటాయి. అంటే కొలిచే మీటరే అలారం కొట్టిస్తుంది. 10 ఆంపియర్ల రేంజి వాడండి. అంకెలు తక్కువ కనిపించినా పర్వాలేదు. చవక మీటర్లలో ఆ రేంజికి ఫ్యూజు ఉండదు కాబట్టి ప్రోబ్‌లు నేరుగా సెల్లకు అడ్డంగా తగలనీయొద్దు.

సెట్ ఆన్ చేసే ప్రతిసారీ యాంటెన్నా బిగించి ఉండాలి. మోడల్ కూడా ఆన్‌లో ఉంటే ప్రొపెల్లరు తీసేయాలి. పవర్ మీద పనిచేస్తున్నప్పుడు సిగ్నల్ ఏ క్షణాన పోతుందో చెప్పలేం.

దశ 2: ఎ సెట్, సెల్ల వంతు

నాలుగు సెల్లకూ మార్కరుతో అంకెలు వేసి, ఒక్కోదాన్ని 10 ఓమ్‌ల మీద 10 సెకన్లు ఉంచి, రెసిస్టరు తగిలి ఉండగానే కొలిచాం. సెల్లు సగం ఖర్చయిన స్థితిలో ఉండగా కొలవడం కావాలని చేసిన పనే. నిండు సెల్లతో కొలిస్తే దారిలో పోయే వోల్టులన్నీ దాక్కుంటాయి.

1వ సెల్: 1.24
2వ సెల్: 1.25
3వ సెల్: 1.09
4వ సెల్: 1.24

లోడు తీసేశాక మూడోది కూడా 1.27కి లేచి మిగతావాటి పక్కన పెద్దమనిషిలా నిలబడింది. ఒక సెల్ ఇలా వెనకబడడానికి కారణం చాలాసార్లు ఛార్జరే. చవక ఛార్జర్లు సెల్లను రెండేసి జతలుగా, సిరీస్‌లో ఛార్జ్ చేస్తాయి. జతలో ఒకటి ముందే నిండితే వేడెక్కుతూ పాడవుతుంది, రెండోది సగంలో ఆగుతుంది. ఒక్కో గడికి ఒక్కో ఎల్‌ఈడీ ఉండి, ఒక్క సెల్ పెట్టినా ఛార్జ్ చేసే ఛార్జర్ తీసుకోవాలి.

మూడోదాన్ని తీసి, అదే లోడు మీద 1.23 చూపిన సెల్ పెట్టాం. మొత్తం 4.96 వోల్టులు.

అలారం తగ్గింది గానీ పోలేదు. సెల్లు మార్చమనే సలహా ఇక్కడితో ముగుస్తుంది. అసలు పని ఇక్కడి నుంచే.

దశ 3: ఎ సెట్, దారిలో పోయిన వోల్టుల లెక్క

ఈ తరగతి సెట్లలో, ఉదాహరణకు ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6లో, హెచ్చరిక 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. సెల్లు కలిపి 4.96 ఇస్తున్నాయి, బోర్డు మాత్రం 4.27 చూస్తోంది. తేడా 0.69 వోల్టు. అదెక్కడ పోతోందో ముక్కముక్కగా కొలవాలి.

పద్ధతి:

1. వెనక మూత తీసి, సెల్లు పెట్టి, సెట్ ఆన్ చేయాలి.
2. మీటరు 2 వోల్టుల రేంజిలో పెట్టి రెండు ప్రోబ్‌లనూ ఒకే దారి రెండు చివర్ల మీద పెట్టాలి. ఒకటి సెల్ బొడిపె మీద, ఇంకోటి అది ఆనుకున్న రేకు మీద. రీడింగు సున్నాకు దగ్గరగా ఉంటే మంచి కాంటాక్టు.
3. ప్రోబ్ మొన సెల్ లోహం మీదే ఉండాలి. స్ప్రింగు మీద ఉంటే కొలవాల్సిన కాంటాక్టు కొలతలోకే రాదు.
4. అలా ఎనిమిది కాంటాక్టులు, వైర్లు, ప్లగ్, స్విచ్, బోర్డు మీది డయోడు (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) వరుసగా కొలిచి రాసుకోవాలి.

వచ్చిన లెక్క:

స్ప్రింగులు, రేకులు అన్నీ కలిపి: 0.17
వైర్లు, ప్లగ్: 0.03 (నడుస్తున్న మొత్తం 0.20)
ఆన్-ఆఫ్ స్విచ్: 0.22 (0.42)
బోర్డు మీది షాట్కీ డయోడు: 0.27 (0.69)

ఇప్పుడు అలారం సంగతి. 4.2కి 0.69 కలిపితే 4.89. నాలుగు సెల్లకు పంచితే ఒక్కోటి 1.22. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ తన కెపాసిటీలో పెద్ద వాటా ఇచ్చేది 1.25, 1.15 మధ్యనే. 1.22 దగ్గర అలారం మోగితే మిగతాదంతా సెల్లోనే ఉండిపోతుంది. స్ప్రింగులు, వైర్లు, స్విచ్ కలిసి తినే 0.4 వోల్టు చిన్న సంఖ్యలా కనిపిస్తుంది గానీ, ఈ సెల్లకు వక్రరేఖ అంత చదునుగా ఉంటుంది కాబట్టి గంటలకు గంటలు మింగేస్తుంది.

స్ప్రింగులు

మూడో గడి స్ప్రింగు మీద తెల్లటి పొడి. గోరుతో గీకితే కింద గోధుమరంగు చిలుము, సెల్ అడుగు ఆనే చివరి రెండు చుట్లలో నికెల్ పూత పూర్తిగా లేచిపోయి ఉంది. పొడి ఏ సెల్‌దో తెలుసుకోవడానికి ఒక చుక్క వెనిగర్ వేయండి. బుడగలు వస్తే ఆల్కలైన్ లేదా నికెల్ సెల్ కారిన క్షారం, అది వెనిగర్‌తోనే పోతుంది. బుడగలు రాకుండా, వంట సోడా నీళ్లకు పొంగితే గోడగడియారంలో వేసే చవక కార్బన్ జింక్ సెల్ కారిందన్నమాట. అది ఆమ్లం, సోడాతో పోతుంది. ఈ సెట్లో వెనిగర్‌కు పొంగింది.

1. స్ప్రింగుల గడిని కిందికి వంచి పట్టుకోవాలి, కారింది బోర్డు వైపు పోకుండా.
2. దూది పుల్లతో వెనిగర్, పొంగు ఆగేదాకా.
3. తడి గుడ్డతో రెండుసార్లు తుడవాలి. వెనిగర్ మిగిలిపోతే అదే మళ్లీ చిలుము పట్టిస్తుంది.
4. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్, ఆపైన ఆరనివ్వడం.
5. మెరుగు పెట్టడానికి పెన్సిల్ రబ్బరు. ఉప్పు కాగితం వద్దు, ఉన్న కాస్త పూత కూడా పోతుంది.

శుభ్రం చేశాక కాంటాక్టుల నష్టం 0.17 నుంచి 0.06కి దిగింది. వారం గడిచేసరికి మళ్లీ 0.15. పూత పోయిన ఇనుము కాబట్టి గాలి తేమకే చిలుము తిరిగొచ్చింది. శుభ్రం చేయడం పూత మిగిలిన స్ప్రింగులకే పనిచేస్తుంది. పాడైన రిమోట్ నుంచి అదే కొలత స్ప్రింగులు, రేకులు తీసి మార్చాం. స్ప్రింగు లోపలి నుంచి మెత్తటి రాగి వైరు ఒకటి రేకుకూ కొసకూ సోల్డర్ చేస్తే కరెంటు చుట్లన్నీ తిరగకుండా సూటిగా పోతుంది. వైరు బిగుతుగా లాగకూడదు, స్ప్రింగు నొక్కుకునే చోటు ఉండాలి. ఇప్పుడు 0.02.

స్విచ్

యాసంగి కోతలయ్యాక ఎండిన చెరువు శిఖాల్లో, పత్తి ఏరేసిన చేన్లలో ఎగరేసే రేడియోల్లోకి ఎర్ర దుమ్ము చేరే మొదటి చోటు ఈ జారుడు స్విచ్. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ ఆడిస్తే 0.22 నుంచి 0.05కి దిగింది. అక్కడితో వదిలేయాలనిపిస్తుంది. కానీ సెట్‌ను రెండు చేతులతో పట్టి కొద్దిగా మెలిపెడితే రీడింగు 0.05 నుంచి 0.30 దాకా గంతులేస్తోంది. లోపలి కాంటాక్టు వదులైపోయింది. గాల్లో ఉండగా ఆ గంతు ఇంకాస్త పెద్దదైతే రేడియో రీస్టార్ట్ అవుతుంది. కొత్త స్విచ్ వేశాక 0.01, మెలిపెట్టినా కదలలేదు. నియమంగా పెట్టుకోదగ్గ అంకె: స్విచ్‌లో 0.05 దాటితే స్ప్రే కొట్టడం మానేసి మార్చేయడం.

డయోడు

0.27 డయోడు సహజ గుణం, లోపం కాదు. దాన్ని తీసేసి తీగ వేయమని సలహాలు వస్తాయి. తీయలేదు. సెల్ తిరగేసి పెట్టడం అందరికీ జరిగేదే, ఆ రోజు బోర్డును కాపాడేది ఇదే. ఆ 0.27 కూడా కావాలంటే ఏఓ3401 లాంటి పీ చానల్ మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టరు) వేయొచ్చు. డ్రెయిన్ బ్యాటరీ ప్లస్‌కు, సోర్స్ బోర్డుకు, గేట్ 100 కిలో ఓమ్‌ల మీదుగా మైనస్‌కు. నష్టం 0.01కి పడిపోతుంది. సన్నటి సోల్డరింగ్ చేతనైతేనే ఆ జోలికి వెళ్లండి.

ఆఖరి లెక్క: కాంటాక్టులు 0.02, వైర్లు, ప్లగ్ 0.01, స్విచ్ 0.01, డయోడు 0.27. మొత్తం 0.31. అదే సెల్లతో బోర్డు దగ్గర 4.65. అలారం మోగే వేళకు సెల్ ఒక్కోటి 1.13లో ఉంటుంది. నిండా ఛార్జ్ చేసిన 1900 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్లతో మూడున్నర గంటలకే మోగే అలారం ఇప్పుడు పదమూడు గంటలు దాటాకే మోగింది.

ఖర్చు: సెల్ 180, స్ప్రింగులు 40, స్విచ్ 15, క్లీనర్ వంతు 60. మొత్తం రూ. 295.

దశ 4: బి సెట్, నల్ల వైరు

8 సెల్ల ప్యాక్ విశ్రాంతిలో 9.9 చూపింది. 47 ఓమ్‌లు పెట్టగానే 8.49కి కూలింది. ఎనిమిది సెల్ల సెట్లు చాలావాటిలో హెచ్చరిక 8.5 దగ్గరే. ప్యాక్ మీది స్లీవ్ చీల్చి ఒక్కో సెల్ కొలిస్తే ఏడు 1.21 దగ్గర ఉన్నాయి, ఒకటి 0.02. లోపల షార్ట్ అయిపోయింది.

షార్ట్ అయిన నికెల్ కాడ్మియం సెల్‌కు ఎక్కువ కరెంటుతో ఒక్క దెబ్బ కొట్టి లేపే కిటుకు ఒకటి ప్రచారంలో ఉంది. నిజంగానే లేస్తుంది. లోపల సెపరేటరు (ప్లస్, మైనస్ పలకల మధ్య పొర) చిల్లు అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ పడుతుంది. నేల మీద తిరిగే కారుకు సరే, గాల్లో ఎగిరేదానికి వద్దు.

ఇందులో సెల్‌తో పాటు ఇంకో దొంగ మైనస్ వైరు. ప్యాక్ నుంచి బోర్డుకు వెళ్లే నల్ల వైరులో 0.11 వోల్టు పోతోంది. ఆ కరెంటుకు అది 0.6 ఓమ్, బెత్తెడు రాగి తీగకు ఉండకూడని సంఖ్య. పైతొడుగు వలిస్తే లోపలి రాగి కూడా బొగ్గులా నల్లగా ఉంది, సోల్డర్ పట్టుకోదు. నికెల్ కాడ్మియం సెల్ సీలులోంచి పొటాషియం హైడ్రాక్సైడ్ మైనస్ వైపు పాకుతూ రాగిని తినేస్తుంది. చివర కత్తిరించి కొత్త ముక్క అతకడం దండగ, కుళ్లు లోపలికి చాలా దూరం పోయి ఉంటుంది. ప్లగ్ పిన్‌తో సహా బోర్డు దాకా మొత్తం వైరు మార్చాలి. బోర్డు మీద ఆ వైరు అతికిన ప్యాడ్ దగ్గర కూడా ఒక చుక్క వెనిగర్, తర్వాత ఆల్కహాల్.

కొత్త ప్యాక్: ట్యాగులున్న 2000 మిల్లీ ఆంపియర్ అవర్ తక్కువ స్వీయ డిశ్చార్జి నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఎనిమిది. వోల్టేజి పాతదే, 9.6. సెల్ మీద నేరుగా సోల్డర్ చేయొద్దు, సీలు కరుగుతుంది. ఈ-బైకు ప్యాకులు కట్టే దుకాణాల్లో స్పాట్ వెల్డింగ్ ఉంటుంది, నికెల్ పట్టీ వేయించుకోవడం నయం.

ఛార్జింగ్‌లో మూడు గొడవలు:

1. సెట్‌తో వచ్చిన గోడ ఛార్జర్ 50 మిల్లీ ఆంపియర్లది. 2000 నింపాలంటే 1.4 రెట్లు పంపాలి, అంటే 56 గంటలు. రాత్రి పెట్టి పొద్దున తీస్తే ఎప్పటికీ సగం కూడా నిండదు. 200 మిల్లీ ఆంపియర్లతో 14 గంటలు సరిపోతుంది.
2. సెట్ పక్కనున్న ఛార్జింగ్ జాక్ వెనక డయోడు ఉంటే స్మార్ట్ ఛార్జర్‌కు ప్యాక్ కనిపించదు, "బ్యాటరీ లేదు" అంటుంది. డయోడును దాటేసే తీగ వేయకండి. జాక్‌లో ఏదైనా తగిలి షార్ట్ అయితే ప్యాక్‌ను కాచేది అదే. ప్యాక్ ప్లగ్ ఊడదీసి బయట ఛార్జ్ చేయండి.
3. జాక్ నడిమి పిన్ ప్లస్సా మైనస్సా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. మీటరు పెట్టి చూశాకే ఛార్జర్ తగిలించాలి.

సెట్ 190 మిల్లీ ఆంపియర్లు లాగుతోంది. పాత 600 ప్యాక్ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో కూడా మూడు గంటలే. కొత్తదానితో లెక్క ప్రకారం పదిన్నర గంటలు. తీసేసిన ప్యాక్‌లో కాడ్మియం ఉంటుంది, చెత్తబండిలో వేయకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం సేకరణ బాధ్యత తయారీదార్లది, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వాలి.

ఖర్చు: సెల్లు 1440, వెల్డింగ్ 150, వైరు, ప్లగ్ 40. మొత్తం 1630. ఇప్పటిదాకా రూ. 1925.

దశ 5: సి సెట్, ఎండలో ఆగిపోవడం

సెట్ లోపల 5 వోల్టులు తయారుచేసేది 7805 తరహా లీనియర్ రెగ్యులేటరు, అంటే ఎక్కువైన వోల్టులను వేడిగా వదిలేసే చిప్. సెట్ మొత్తం లాగేది 160 మిల్లీ ఆంపియర్లు. హీట్‌సింక్ లేదు. హీట్‌సింక్ లేని ఈ ప్యాకేజీ వాటుకు సుమారు 65 డిగ్రీలు వేడెక్కుతుంది. మిగతాదంతా లెక్కే.

3 సెల్ల లిపో నిండుగా 12.6. (12.6 - 5) × 0.16 = 1.22 వాట్లు. అంటే 79 డిగ్రీల పెరుగుదల.
8 నికెల్ సెల్లు, 9.8. 0.77 వాటు, 50 డిగ్రీలు.
3 సెల్ల లైఫ్ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్), 9.9. 0.78 వాటు, 51 డిగ్రీలు.

మే నెలలో మన దగ్గర నీడలోనే 43 దాటుతుంది, రామగుండం వైపు ఇంకా ఎక్కువ. నీడలో పెట్టె లోపల 50 ఉంటే లిపోతో చిప్ 129కి చేరుతుంది. చిప్‌కు రాసిచ్చిన హద్దు 125. నల్ల ప్లాస్టిక్ పెట్టెను ఎండలో మెడకు వేలాడదీస్తే లోపల 68 కొలిచాం. 68కి 79 కలిపితే 147. ఈ చిప్‌లు 150 ప్రాంతంలో తమను తాము ఆపేసుకుంటాయి. 5 వోల్టుల లైను మీద మీటరు పెట్టి ఎండలో ఉంచితే సరిగ్గా అదే కనబడింది. 5 కాస్తా సున్నా, చల్లబడగానే మళ్లీ 5. గాల్లో విమానం ఉన్నప్పుడు ఆ మధ్య కాలానికి ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోడల్ ఏం చేయాలో ముందే పెట్టి ఉంచే అమరిక) తప్ప దిక్కులేదు.

"కొత్త ఆల్కలైన్ ఎనిమిది వేసినా 12 వోల్టులేగా" అని అడగొచ్చు. నిజమే, కానీ ఆల్కలైన్ కాసేపటికే దిగిపోతుంది. లిపో గంటల తరబడి 11.5 పైనే కూర్చుంటుంది.

లిపోతో ఇంకో రెండు చిక్కులు. ఈ సెట్ అలారం 9.0 దగ్గర ఉంది, ఎనిమిది సెల్లకు తగ్గట్టు. మూడు సెల్ల లిపోకు అది సెల్‌కు 3.0. అలారం విని దిగేలోపు ప్యాక్ చావుకు దగ్గరవుతుంది. రెండోది, ఆ ప్యాక్‌కూ బోర్డుకూ మధ్య ఫ్యూజు లేదు. ఏఏ సెల్లు షార్ట్ అయితే కొన్ని ఆంపియర్లు, లిపో షార్ట్ అయితే వైరు నిప్పుకణికే.

చేసిన మార్పులు:

1. లిపో తీసి, ఏఏ కొలతలోనే దొరికే లైఫ్ 14500 సెల్లు మూడు, మిగతా ఐదు గళ్లలో ఇత్తడి డమ్మీలు (కరెంటును దాటించే ఉత్త కడ్డీలు). 9.9 వోల్టులు. అలారం 9.0 అంటే సెల్‌కు 3.0, లైఫ్‌కు సరిగ్గా కుదిరే చోటు. ఒక్కో సెల్‌ను లైఫ్ మోడ్ ఉన్న ఛార్జర్‌లో విడిగా 3.65 దాకా నింపితే బ్యాలెన్సింగ్ గొడవే లేదు.

2. రెగ్యులేటరు స్థానంలో అదే మూడు కాళ్లతో, స్థిరంగా 5 వోల్టులిచ్చే స్విచింగ్ మాడ్యూల్, రీకామ్ ఆర్-78ఈ5.0-0.5 తరహాది. ఇన్‌పుట్ 7 నుంచి 28 వోల్టులు, 0.5 ఆంపియర్. సెట్ లాగే కరెంటు 160 నుంచి 95కి దిగింది. వృథా వేడి 0.14 వాటు.

3. ప్లస్ వైరులో 1 ఆంపియర్ పాలీఫ్యూజు (కరెంటు ఎక్కువైతే ఆపి, చల్లబడ్డాక మళ్లీ వదిలే ఫ్యూజు). ఇవి వేడిలో బలహీనపడతాయి, 60-70 డిగ్రీల దగ్గర 0.6 ఆంపియర్లే మోస్తాయనుకోండి. మన 95 మిల్లీ ఆంపియర్లకు అది చాలు.

కుదరని దారి: ముందు వేసింది ఎల్‌ఎం2596 చిప్ ఉన్న చవక మాడ్యూల్. తిప్పే స్క్రూ ఉన్న ఈ మాడ్యూళ్లు ఏ వోల్టేజీ దగ్గర సెట్ అయి వస్తాయో చెప్పలేం. ఇది 11 మీద ఉంది. సెట్‌కు కలపకముందే లోడు రెసిస్టరు పెట్టి 5.00కి తిప్పి, స్క్రూ మీద గోళ్ల రంగు చుక్క వేయాలి. అంత చేసినా స్టిక్ విలువలు తెరమీద వణికాయి. ఆసిలోస్కోపులో 60 మిల్లీవోల్టుల అల. అవుట్‌పుట్‌లో 100 మైక్రోఫారడ్ తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) కెపాసిటరు, పక్కనే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ వేస్తే తగ్గింది. కానీ మూత మూసుకోలేదు. మూడు కాళ్ల మాడ్యూల్‌కు అవే కెపాసిటర్లు పెడితే 12 మిల్లీవోల్టులు, వణుకు లేదు.

ఒక హెచ్చరిక విడిగా. లైఫ్ 14500, మామూలు 3.7 వోల్టుల లిథియం 14500, మన ఏఏ సెల్, మూడూ పక్కపక్కన పెడితే తేడా తెలీదు. ఎ సెట్ లాంటి నాలుగు గళ్లలో పొరపాటున 3.7 వోల్టులవి నిండా ఛార్జ్ అయి నాలుగు పడితే, ఒక్కోటి 4.2 చొప్పున 16.8 వోల్టులు, 6 వోల్టుల బోర్డు అక్కడికక్కడే పోతుంది. లైఫ్ సెల్లకు రంగు టేపు చుట్టి, సెట్ మూత లోపల "3 లైఫ్ + 5 డమ్మీ" అని రాసి అతికించాం.

600 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్లు, 95 మిల్లీ ఆంపియర్లు: ఆరు గంటల పైన. ఎండలో పెట్టి చూశాం, 5 వోల్టుల లైను కదల్లేదు.

ఖర్చు: సెల్లు 450, డమ్మీలు 100, మాడ్యూల్ 320, చిల్లర విడిభాగాలు 30. మొత్తం 900. ఇప్పటిదాకా రూ. 2825. మాడ్యూల్, మాస్‌ఫెట్ లాంటివి ఇక్కడ దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ దాకా వెళ్లాల్సిందే, లేదా ఆన్‌లైన్.

దశ 6: డి సెట్, త్వరగా తేలినవి

కేబుల్: యూఎస్‌బీ ఏ నుంచి సీ కేబుల్‌తో ఎక్కుతోంది, రెండు వైపులా సీ ఉన్నదానితో ఎక్కట్లేదు. సాకెట్‌లో సీసీ1, సీసీ2 పిన్ల నుంచి గ్రౌండుకు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు లేకపోతే ఇలాగే ఉంటుంది. అవి లేనిదే సీ ఛార్జర్ 5 వోల్టులు వదలదు. రెండు రెసిస్టర్లు వేయొచ్చు, కానీ పిన్లు అర మిల్లీమీటరు దూరంలో ఉంటాయి. ఏ నుంచి సీ కేబుల్ ఒకటి సెట్‌కు కట్టేసి ఉంచితే పని జరుగుతుంది, మేం అదే చేశాం.

సెల్లు: ఒకటి 4.16, ఇంకోటి 3.62. ఒక సెల్ మాత్రమే కొత్తది వేశారు, అదీ వేరే రకం. పైగా ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్న 18650 సెల్ పొడవు 69 మిల్లీమీటర్లు దాటుతుంది, మామూలుది 65. 65కి చేసిన గడిలో దాన్ని కుక్కితే స్ప్రింగు నలిగిపోయి, మళ్లీ పొట్టి సెల్ వేసినప్పుడు వదులవుతుంది. ఒకే రకం, ఒకేసారి కొన్న జత వేసి, స్ప్రింగు లాగి సరిచేశాం.

తెర మీద వోల్టేజీ: మీటరు 8.14 చూపితే రేడియో 7.9 చూపుతోంది. ఎడ్జ్‌టీఎక్స్ (రేడియోలో నడిచే సాఫ్ట్‌వేర్) హార్డ్‌వేర్ పేజీలో బ్యాటరీ క్యాలిబ్రేషన్ ఉంటుంది, మీటరు రీడింగుకు సరిపెట్టాలి. అలారం 6.6కి పెట్టాం.

"ఆర్‌టీసీ బ్యాటరీ లో" అనే హెచ్చరిక చూసి పెద్ద సెల్లు మార్చేవాళ్లున్నారు. అది బోర్డు మీది గడియారం బటన్ సెల్ గురించి. సీఆర్2032 వేస్తే పోయింది.

ఛార్జింగ్ వేళ: లిథియం సెల్లకు ఛార్జింగ్ హద్దు 45 డిగ్రీలు. వేసవి మధ్యాహ్నం రేకుల షెడ్డులోనో, ఆపి ఉంచిన కారులోనో పెడితే ఆ హద్దు ఛార్జ్ మొదలవకముందే దాటిపోతుంది. నికెల్ సెల్లు కూడా ఆ వేడిలో ఛార్జ్ సరిగా తీసుకోవు. నిండినప్పుడు కనిపించాల్సిన మిల్లీవోల్టుల దిగుడు మసకబారి ఛార్జర్ ఆగాల్సిన చోట ఆగదు. తెల్లవారుజామున పెట్టుకోండి.

ఖర్చు: సెల్ల జత 700, బటన్ సెల్ 40. మొత్తం 740. నాలుగు సెట్లకు కలిపి రూ. 3565.

దశ 7: మూత బిగించే ముందు

1. మినిమమ్ హోల్డ్ (అతి తక్కువ రీడింగును పట్టి ఉంచే సదుపాయం) ఉన్న మీటరును బోర్డు పవర్ పాయింటు మీద పెట్టి, సెట్ ఆన్ చేసి, అరచేత్తో వెనక నుంచి తట్టాలి, మెలిపెట్టాలి, తలకిందులు చేయాలి. కనిష్ఠం మామూలు రీడింగుకు 0.05 లోపే ఉండాలి.
2. అరగంట ఎండలో ఆన్ చేసి ఉంచి మళ్లీ అదే పరీక్ష.
3. ప్రొపెల్లరు తీసి, రేంజి టెస్ట్ మోడ్‌లో మీ రేడియో పుస్తకంలో చెప్పిన దూరం నడవాలి.
4. సెట్ ఆఫ్ చేసి ఫెయిల్‌సేఫ్‌లో థ్రాటిల్ దిగుతుందో లేదో చూడాలి.

ఎ, సి, డి సెట్లు నాలుగు పరీక్షలూ దాటాయి. బి మెలిపెట్టే పరీక్షలో 0.07 దిగుతోంది. వైరు, ప్లగ్ కొత్తవే కాబట్టి మిగిలింది స్విచ్. అదే కొలత స్విచ్ దొరికేదాకా సెట్ బెంచ్ మీదే ఉంటుంది, ప్యాక్ ప్లగ్ ఊడదీసి.